గుప్పిటమ్మ తల్లి కుడిచేయి మూసిన కథ

మన బందరులో కొఠార్ల వీధి చివర, ఉప్పుగాలి తిన్నగా మొహానికి కొట్టే చోట, పడమర ముఖంగా గుప్పిటమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడి పెద్దది కాదు. గోపురానికి రంగు వేసి ఆరేళ్ళు దాటింది. వేయిస్తామన్న వారి పేర్లు మాత్రం గోడ మీద ఆనాడే రాయించుకున్నారు. ఆ సంగతి అలా ఉంచుదాం.

తల్లి విగ్రహం మోకాలెత్తు నల్లరాయి. ఎడమచేతిలో గిన్నె ఉంటుంది. కుడిచేయి గుప్పిట మూసి ఉంటుంది. ఏ ఊళ్ళో అమ్మవారైనా కుడిచేయి చాపి అభయమిస్తుంది. మన తల్లి మూసింది. ఎందుకు మూసిందో తెలుసుకోకుండా దండం పెట్టి, ప్రసాదం తిని, చేయి కడుక్కుని పోయేవారే ఎక్కువ. అటువంటి వారి కోసమే ఇది రాయించడమైనది.

జ్యేష్ఠమాసంలో ఏరువాక పున్నమికి ముందు మూడు రోజులు తల్లికి సంబరం. మొదటి రోజు పులిహోర, రెండో రోజు కట్టెపొంగలి, మూడో రోజు కదంబం. లడ్డూ, హల్వా తిని పెరిగిన బందరు నాలుక దేన్నీ ఒక పట్టాన మెచ్చదు. అయినా ఆ మూడు రోజులు ఊరు ఊరంతా గిన్నెలు, కారేజీలు పట్టుకుని ఈ వీధికే వస్తుంది. నెత్తిన గరగలెత్తుకున్నవాళ్ళు ఆడుతూ మలుపు తిరిగేసరికి తాషాల మోతకు పెంకుటిళ్ళ మీద కాకులు నిలవవు. కానీ అంత మోతా ఒక్క క్షణం ఆగిపోతుంది. వంటశాలలోంచి ఒక ఆడమనిషి గొంతు "ఉప్పు పడిందా?" అని అడుగుతుంది. వీధిలో ఉన్నవాళ్ళందరూ ఒక్క గొంతుతో జవాబు చెబుతారు. ఆ జవాబు ఏమిటో కథలో వస్తుంది.

పూర్వం ఇక్కడ వీధి లేదు, ఇళ్ళు లేవు. కనుచూపుమేర ఉప్పుమడులే. గాలెయ్య అనే కష్టజీవి ఒకనాడు చెక్కపలకతో మడిలో ఉప్పు లాగుతుండగా పలక దేనికో తగిలి ఆగింది. చేత్తో తడిమి, ఎత్తి, కడిగి చూస్తే అమ్మవారు. అప్పుడు కుడిచేయి చాపే ఉంది. అరచేతిలో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. గాలెయ్య తల్లిని గట్టు మీద నిలిపాడు. అతని భార్య ఆ పూటే ఒక కుండ పులగం వండి పెట్టింది. ఆనాటి నుంచి తల్లికి వండే వంతు ఆ ఇంటి కోడళ్ళదే. ఉప్పుగట్టు అమ్మ అని పిలిచేవారు. గుప్పిటమ్మ అనే పేరు తరవాత వచ్చింది. గాలెయ్య తమవాడేనని పక్కనున్న పడవల వీధివారు చెప్పుకుంటారు. అది నిజం కాదు.

ఏడు తరాలు గడిచాయి. గాలెయ్య వంశంలో వెంకాయమ్మ అనే ఇల్లాలికి ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు పేరిందేవి, చిన్నకోడలు మాణిక్యం. పేరిందేవికి సంతానం లేదు. ఆమెకు ఏడాదికి మూడు రోజులే ఉన్నట్టు లెక్క. మిగతా రోజులన్నీ ఆ మూడు రోజుల కోసం బియ్యం ఏరడానికి, చింతపండులో పీచు తీయడానికి, గుండిగలు తోమించి మళ్ళీ తోమించడానికి. తోమినవాళ్ళు పోయాక తాను ఇంకోసారి తోమేది. "మా అక్కయ్యకు ఆ అమ్మవారు కనబడితే ముందు మొహం కడుక్కురమ్మంటుంది" అని మాణిక్యం చాటున నవ్వేది.

ఆ మాణిక్యమే ఒక పెళ్ళిలో, పంక్తిలో ఏభైమంది కూర్చుని ఉండగా, చారు వడ్డిస్తూ నోరు జారింది. "కాస్త ఉప్పు కలుపుకోండి బాబాయిగారూ. మా అక్కయ్య చేతికి ఉప్పు తెలియదు." బాబాయిగారు నవ్వారు. పంక్తంతా నవ్వింది. పేరిందేవి చేతిలోని గరిటె కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళు మాణిక్యంతో ఒక్క మాట లేదు. రెండు ఇళ్ళకూ ఒకటే గోడ. ఏదైనా చెప్పవలసి వస్తే పేరిందేవి ఆ గోడకే చెప్పేది. "ఓ గోడా, వాళ్ళ దూడ మా ములగచెట్టు తింటోంది." గోడకు అవతల మాణిక్యం దూడను కట్టేసేది.

వంటశాలలో మాత్రం ఇబ్బంది రాలేదు. తల్లికి వండేది ముందుగా ఎవరూ రుచి చూడకూడదు. వాసనైనా తగలకుండా ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకుని వండాలి. అందుకని ఉప్పు వేయడం ఎప్పుడూ ఒక్క చేతి పనే. వెంకాయమ్మ వేసేది. కోడళ్ళు గుండిగకు చెరొక వైపు నిలబడి కలిపేవారు.

ఆ సంవత్సరం వెంకాయమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎవరు ఉప్పు వేయాలో చెప్పేవాళ్ళు లేరు. ఇద్దరూ అడగలేదు.

మొదటి రోజు పేరిందేవి పులిహోరలో కొలత తప్పకుండా ఉప్పు వేసి కట్టెలు సరిచేయడానికి వెళ్ళింది. ఆమె చేతికి ఉప్పు తెలియదని కదా మాణిక్యం నమ్మకం. వేసి ఉండదులే అని తానూ వేసింది. నైవేద్యం అయింది. ప్రసాదం పంచారు. ప్రసాదం ఉమ్మకూడదు. ఊరివాళ్ళు నోట్లో పెట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ మింగారు. ఆ సాయంత్రానికి వీధి బావిలో నీళ్ళు అడుగంటాయి.

రెండో రోజు కట్టెపొంగలి. నిన్న అది కూడా వేసింది కాబట్టి ఇవాళా వేస్తుందని పేరిందేవి ఊరుకుంది. సరిగ్గా ఆ మాటే అనుకుని మాణిక్యమూ ఊరుకుంది. నేయి ఉంది, మిరియం ఉంది, జీడిపప్పు ఉంది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అని ఉప్పు ఊరికే అనలేదు. పడవల వీధివారు గిన్నెలు నిండుగానే వెనక్కు పట్టుకుపోయారు, అందరికీ కనబడేలా.

సంబరం పెద్ద బుద్దాల రామదాసు వంటశాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మర్యాద తెలిసిన మనిషి. నేల చూస్తూ అన్నాడు.

"పెద్దమ్మా, నిన్న ఉప్పురాయి తిన్నాం. ఇవాళ గడ్డి తిన్నాం. తల్లి ఏమీ అనదు, జనం అంటున్నారు. పడవల వీధివారు వచ్చే ఏటి నుంచి వంతు మాకిమ్మంటున్నారు. రేపు కదంబం కూడా ఇలాగే అయితే నేను ఏ మొహంతో కాదంటాను?"

"ఏడు తరాల వంతు రామదాసూ" అంది పేరిందేవి.

"అందుకే రేపటిదాకా ఆగమన్నానమ్మా."

పేరిందేవి ఇంటికి పోలేదు. మిట్టమధ్యాహ్నం గుడి వసారాలో కొంగు పరుచుకుని పడుకుంది. కన్ను మూతపడగానే ఎదురుగా ఎవరో ఆడమనిషి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ఉప్పు లాగుతూ కనబడింది. కాళ్ళకు ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. చూడగానే తల్లి అని తెలిసింది.

"అమ్మా, రేపు కదంబంలో ఎంత వేయాలి?" అని అడిగింది పేరిందేవి.

"ఎంత వేయాలో నీ చేతికి తెలుసు. వేసిందో లేదో మాణిక్యానికి తెలుసు. మధ్యలో నన్నడుగుతావేం?"

"దాన్ని నేను అడగను."

"అయితే అడగకు. చప్పిడైనా నేను తింటాను. పంక్తి లేచిపోతుంది, అంతే."

"ఏభైమందిలో అంది తల్లీ. దాన్ని నేను క్షమించలేను."

"క్షమించమని ఎవరన్నారు? ఉప్పు సంగతి అడగమన్నాను."

అంటూ తల్లి వంగి కుప్పలోంచి ఇంత ఉప్పు తీసుకుని గుప్పిట మూసింది. పేరిందేవి దోసిలి పట్టింది. గుప్పిట తెరుచుకోలేదు.

సాయంత్రం పూజారి తలుపులు తీసి చూస్తే, నిన్నటిదాకా చాపి ఉన్న కుడిచేయి మూసుకుని ఉంది. తల్లికి ఆగ్రహం వచ్చిందని ఊరంతా హడలిపోయింది. అది ఆగ్రహం కాదని పేరిందేవి ఒక్కదానికే తెలుసు. తెలిసినా ఆనాడు ఎవరితోనూ అనలేదు.

మూడో రోజు వంటశాల కిటికీ దగ్గర జనం మూగారు. రామదాసు తాషాలు ఆపించాడు. గుండిగలో కదంబం కుతకుతలాడుతోంది. గుమ్మడి, వంకాయ, ములగ, కందిపప్పు, అన్నం అన్నీ కలిసి దగ్గర పడుతున్నాయి. ఇక ఉప్పు పడాలి. తోడికోడళ్ళిద్దరూ చెరొక వైపు. ఉప్పుజాడీ ఇద్దరికీ మధ్యన.

పేరిందేవి గోడ వైపు చూసింది. వంటశాల గోడ మసిబారి ఉంది. దానితో ఏమని చెబుతుంది?

"ఉప్పు పడిందా?" అంది.

మూతికి గుడ్డ ఉండడం వల్ల మాట సరిగ్గా రాలేదు. మాణిక్యం తనను కాదనుకుని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నిన్నే మాణిక్యం. ఉప్పు పడిందా?"

మాణిక్యం చేతిలో తెడ్డు ఆగిపోయింది. జాడీ తన వైపే దగ్గరగా ఉంది. దాన్ని రెండు చేతులతో అవతలికి జరిపింది.

"పడలేదు. నువ్వే వెయ్యి అక్కయ్యా."

పేరిందేవి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కిటికీ దగ్గర వాళ్ళు పొగకు కళ్ళు మండుతున్నాయేమో అనుకున్నారు. తరవాత జాడీలో చేయి పెట్టి, గుప్పెడు తీసి, మళ్ళీ చిటికెడు వెనక్కి పోసి, మిగిలింది గుండిగలో వేసింది.

ఆనాటి కదంబం సంగతి రాయడానికి మాటలు చాలవు. ఒకసారి తిన్నవాళ్ళు గిన్నె కడిగి మళ్ళీ వరసలో నిలబడ్డారు. పడవల వీధివారు కూడా నిలబడ్డారు. ఒకరిద్దరు కాదు, పదకొండుమంది. వంతు కొఠార్ల వీధిలోనే నిలిచింది. విగ్రహం మొదటి నుంచీ గుప్పిట మూసే ఉందని ఇప్పుడు వాళ్ళంటారు. అనకేం చేస్తారు.

తోడికోడళ్ళు కలిసిపోయారని కొందరు ఉపన్యాసాల్లో చెబుతుంటారు. కలవలేదు. మర్నాడే దూడ మళ్ళీ ములగచెట్టు తిన్నది, పేరిందేవి మళ్ళీ గోడతోనే మాట్లాడింది. కానీ ఏటా సంబరం మూడు రోజులూ ఆమె అడిగేది, మాణిక్యం జవాబు చెప్పేది. ఏడాది పొడుగునా ఆ మూడే మాటలు. ఇరవై రెండేళ్ళు అలా జరిగింది. ఒక్కసారీ ఉప్పు తప్పలేదు.

ఇరవై మూడో ఏడు మాఘమాసంలో పేరిందేవి కాలం చేసింది. ఆ తరవాత వచ్చిన జ్యేష్ఠంలో మాణిక్యం గుండిగ దగ్గర ఒక్కతే నిలబడింది. వంతు ఆమెదే, జాడీ ఆమెదే. గుప్పెడు ఉప్పు తీసింది. వేయలేకపోయింది. అన్నం అడుగంటుతోందని బయటి నుంచి కేకలేస్తున్నారు. ఆమె చేయి అలాగే పట్టుకుని, గుండిగకు అవతల వైపు, ఎవరూ లేని చోటు చూస్తూ అడిగింది.

"ఉప్పు పడిందా అక్కయ్యా?"

చివరకు కిటికీ అవతల, గిన్నె పట్టుకుని నిలబడ్డ ఒక ముసలామె గొంతెత్తింది.

"పడలేదమ్మా. నువ్వే వెయ్యి."

మాణిక్యం వేసింది.

ఆ ఆచారమే నేటికీ సాగుతున్నది. వంటశాలలోంచి ఆ ఇంటి కోడలు అడుగుతుంది. వీధిలో ఉన్న వేలమంది "పడలేదు, నువ్వే వెయ్యి" అంటారు. పైఊళ్ళ నుంచి వచ్చిన భక్తులు కూడా గొంతు కలపవలసినది. నోరు కదిపి ఊరుకుంటే తల్లికి తెలుస్తుంది.

మూడో రోజున, ఒకరితో ఒకరికి మాటలు లేనివాళ్ళు జంటలుగా వస్తారు. అన్నదమ్ములు, వియ్యాలవారు, దుకాణాలు విడిపోయినవాళ్ళు. తల్లి ఎదుట చెరొక వైపు నిలబడి, ఒకరు అడగాలి, ఒకరు జవాబు చెప్పాలి. అలా చేసినవారి ఇంట అన్నం చప్పబడదని, పంక్తి లేచిపోదని పెద్దల మాట. అంతకు మించి ఏమీ చేయనక్కరలేదు. రాజీ పడమని, కౌగిలించుకోమని ఇక్కడ ఎవరూ బలవంతం చేయరు. ప్రసాదం తిని ఎవరి దారిన వారు వెళ్ళవచ్చు. తల్లి అడగమన్నది ఉప్పు సంగతి ఒక్కటే. ఆ ఒక్కటీ అడగడానికే కొందరికి చాలా ఏళ్ళు పడుతుంది. అందాకా తల్లి గుప్పిట మూసుకుని వేచి ఉంటుంది.