మోచేతి లోతు రోలు

ఎవరూ లేని నేల ఎవరు దున్నుకుంటే వారిదేనని రాజు చాటింపు వేయించాడు. ఏటి వరదలో పొలం పోగొట్టుకున్న ఒక రైతు ఆ మాట విని, భార్యను వెంటబెట్టుకుని కొండ దిగువ అడవికి వచ్చాడు. చెట్లు కొట్టాడు, పొదలు తగలబెట్టాడు, దున్నాడు. ఆమె వండింది, నీళ్లు మోసింది, చేలో రాళ్లు ఏరింది. రాళ్లు ఏరినవాళ్ల సంగతి చాటింపులో లేదు.

గుడిసె పక్కన ఒక బండ, బండలో మోచేతి లోతు గుంట. దేవుడు మన కోసమే తొలిచిపెట్టాడన్నాడు రైతు. ఆమె చెయ్యి పెట్టి చూసింది. అడుగు నున్నగా అరిగి ఉంది. దేవుడికి గింజలు దంచుకునే అవసరం ఏమొచ్చిందని అనుకుంది గానీ, పైకి అనలేదు.

సామలు పండే వేళకు కొండ మీంచి ఒకామె నెత్తిన గంప, భుజాన రోకలి పెట్టుకుని దిగివచ్చింది. వాళ్లమ్మా, అమ్మమ్మా దంచింది ఈ రోట్లోనేనట. ఈ నేలను కొన్నేళ్లు పండించి, కొన్నేళ్లు పడుకోబెడతారట. ఇప్పుడది నిద్రపోతోందట.

రైతు భార్య తన రోకలి తెచ్చుకుని ఎదురుగా నిలబడింది. ఒకటి లేస్తే ఒకటి దిగింది. ఏడాదిగా ఇంకో ఆడమనిషి గొంతు విననిదేమో, ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వయసులో చిన్నదైన కొండామె ఆమెను అక్కా అని పిలిచింది. రెండిళ్ల సామలూ ఒకే గంపలో పోసుకున్నారు.

అలా దంచుతుండగా రాజు మనిషి గుర్రం మీద వచ్చాడు. ఇంతకు ముందు ఇక్కడ ఎవరైనా ఉండేవారా అని అడిగాడు. ఎవరూ లేరన్నాడు రైతు. రాజు మనిషి చూపు రోటి మీద పడింది. ఒక్క ఏడాదిలో రాయి ఇంత అరుగుతుందా అన్నాడు.

"మా ఆవిడ చేతి సత్తువ అలాంటిదండీ," అన్నాడు రైతు.

అతను ఆమె చేతుల్ని మెచ్చుకోవడం అదే మొదలు. వద్దనుకున్నా ఆమె మనసు పొంగింది.

రాజు మనిషి ఆమె వైపు తిరిగాడు. "మరి ఈవిడెవరమ్మా?"

రైతు భార్య నిండు చూలాలు. నిజం చెబితే రేపు మళ్లీ నెత్తిన మూట, ఎక్కడికో తెలియని నడక. ఏ చెట్టు కింద కనాలో అని భయం వేసింది. కొండామె రోకలి ఆపి ఆమెకేసే చూస్తోంది.

"కూలికి వచ్చిందండీ," అంది.

గుర్రం వెళ్లిపోయింది. నేల వాళ్లదైంది.

కొండామె రోకలి మళ్లీ ఎత్తింది. మిగిలిన సామలు దంచింది, చెరిగింది, గంపకెత్తింది. అప్పుడు కొంగు జాపి ఒడి పట్టింది.

"కూలి కొలువమ్మా," అంది.

రైతు సోల తెచ్చి భార్య చేతికిచ్చాడు. సోలెడు చాలన్నాడు. ఆమె సోలెడు పోసింది. కొండామె కదల్లేదు. మరో సోల పోసింది. అయినా కదల్లేదు. రైతు వద్దంటున్నా వినకుండా పోస్తూనే ఉంది, పోస్తూనే ఉంది.

గంప అడుగు కనిపించింది. కొండామె ఒడి పట్టుకునే ఉంది.