అరుగు లేని కాలం

మద్దిలేటి అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలోని బెండును అటూ ఇటూ తిప్పి చూసి, చాకుతో అంచున పల్చటి ముక్క ఒకటి కోస్తారు. ఈత నేర్చుకునే పిల్లల వీపుకు తాడుతో కట్టే బెండు అది. పిల్ల నీళ్లకు అలవాటు పడేకొద్దీ ఆయన దాన్ని ఆ పిల్లకు తెలియకుండా కొంచెం కొంచెం కోసేస్తూ వస్తారు. చివరికి ఒకనాడు వీపున వట్టి తాడే మిగులుతుంది. పిల్ల మాత్రం బెండు ఉందనే ధైర్యంతో బావి చుట్టి వస్తుంది. సంగతి తెలిశాక కొందరు ఎగిరి గంతేస్తారు, కొందరు మోసం చేశారని ఏడుస్తారు.

ఆయన శిష్యుల్లో నాగశేషు ఒకడు. చిన్నప్పుడు ఒక్క వేసవిలో, అయ్యవారు ఈత నేర్పే దిగుడు బావిలోనే నేర్చుకున్నాడు. ఇప్పుడు కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు నేర్పడంలో అయ్యవారికి సాయపడుతుంటాడు. మనిషి బంగారం. వాదన మొదలుపెడితే మాత్రం మీటరు తిరిగినట్టే, ఇల్లంతా నిద్రపోయినా తిరుగుతూనే ఉంటాడు. అతని తొమ్మిదేళ్ల కూతురు భువన నిరుడు వేసవిలో నేర్చుకుని, అటుపైన వానల్లోనూ చలిలోనూ మానకుండా బావికి వస్తోంది. ఈ ఏడు చలి మొదలవగానే ఆ పిల్లను మాన్పించాలని నాగశేషు నిశ్చయించాడు. ఆ మాట చెప్పడానికే ఒక ఆదివారం పొద్దున స్వెటరు తొడిగి, మంకీ టోపీ పెట్టి, కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. టోపీ పిల్లకు కాదు, తనకే.

"అయ్యవారూ, తప్పుగా అనుకోవద్దు," అన్నాడు. "ఈత ఒకసారి వస్తే వచ్చినట్టే కదా? సైకిలు వచ్చినోణ్ని ఏడాదంతా తొక్కి చూపించమని ఎవరైనా అంటారా? వచ్చిన విద్యనే మళ్లా మళ్లా నేర్పుతాంటే మన పాఠం మీద మనకే నమ్మకం లేనట్టు కాదా?"

అయ్యవారు బెండు ముక్క ఒకటి కోశారు.

భువన తండ్రి వైపు చూడలేదు. బావి వైపు చూస్తోంది. ఈ పూటతో సరి అంటారేమోనని ఆ పిల్ల దిగులు. "నాకు దగ్గు కూడా రాలేదు," అంది నీళ్లతో చెప్పుకుంటున్నట్టు.

"దగ్గు రాకపోతే పరీక్షలొస్తాయి, ఊకుండు," అన్నాడు తండ్రి.

అయ్యవారు చాకు మడిచారు. "శేషూ, నువ్వు ఈ బావిలో దిగి ఎన్నాళ్లయింది?"

"మొన్న వైశాఖంలో దిగినా కదా, పిల్లోళ్లతో."

"అంతకు ముందు?"

"అంతకు ముందు వైశాఖంలో."

"సరే. ఇప్పుడొకసారి దిగి, చుట్టి రా. వచ్చి నువ్వెట్ల చెప్తే అట్ల. పిల్లను నువ్వే తీసకపో."

ఇంత సులువుగా గెలుస్తానని నాగశేషు అనుకోలేదు. స్వెటరు విప్పి, టోపీ తీసి కూతురి చేతికిచ్చాడు. "మామ దూకుతాండాడు!" అని గట్టు మీద పిల్లలం కేకలేశాం. మా అందరిలోకీ చిన్నది చిట్టి, వీపున నిండు బెండుతో, చూడ్డానికి ముందు వరసలో కూర్చుంది.

ఇక్కడ బావి సంగతి కొంచెం చెప్పాలి. ఎండాకాలం నీళ్లు అడుగుకు పోతాయి. అప్పుడు గోడ చుట్టూ నీళ్ల కింద ఒక రాతి అరుగు కాలికి తగులుతుంది. దాని మీద నిలబడితే నీళ్లు ఛాతీ వరకే. ఈదేవాళ్లు అలిసినప్పుడు దాని మీద కాలు మోపి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఈదుతారు. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. వానలు పడి బావి నిండితే ఆ అరుగు ఎక్కడో లోతుకు పోతుంది.

నాగశేషు వేసవిలో దూకే మెట్టు మీదికే వెళ్లి, వేసవిలో దూకినట్టే చేతులు చాచి దూకాడు. ఎండాకాలం నీళ్లు చాలా కింద ఉంటాయి గనక గాల్లో ఉండగా ఊపిరి పట్టడం అలవాటు; ఇప్పుడవి పాదాల దగ్గరే ఉన్నాయి. ఊపిరి పట్టకముందే చలి నీళ్లు గుండెను పట్టాయి. అయినా తేలి, కొంతదూరం బాగానే ఈదాడు. మేం చప్పట్లు కూడా కొట్టాం. మెట్లకు ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి చేరేసరికి ఆయాసం వచ్చింది. అలవాటుగా కాళ్లు కిందికి దించాడు.

అరుగు లేదు.

ఒకసారి మునిగి లేచాడు. మళ్లీ కాలితో వెతికాడు. చేత్తో గోడ పట్టబోతే పాచి జారింది. అంతటి ఈతగాడూ మెట్లు దిగిపోతున్న మనిషిలా నిలువునా నీళ్లలోకి దిగిపోతున్నాడు. మా చప్పట్లు ఆగిపోయాయి. బావి నీళ్లు అతను పెద్దపెద్ద గుక్కలుగా మింగడం పైకి వినబడుతోంది.

అయ్యవారు తాడు చుట్ట పట్టుకుని అప్పటికే మెట్లు దిగుతున్నారు. ఆయన విసిరేలోపే భువన చిట్టి వీపున బెండు విప్పేసి, చప్పుడు కాకుండా నీళ్లలోకి జారింది. దూకలేదు, జారింది. ముందు మెల్లగా ఊపిరి వదిలి, తర్వాత ఈదింది. తండ్రి చేతికి అందేంత దగ్గరికి పోలేదు. మునిగేవాణ్ని ముట్టుకోవద్దని అయ్యవారు ఆ పిల్లకు నిండు బావిలోనే నేర్పారు. బెండును ముందుకు తోసి అరిచింది:

"నాయనా! కాలితో ఎతకొద్దు! అరుగు యాడుంది ఇప్పుడు? బెండు పట్టుకో! ఎల్లకిలా తిరిగి ఆకాశం చూడు!"

కూతురి మాటను నాగశేషు ఎదురు చెప్పకుండా వినడం మేం చూడ్డం అదే మొదలు. బెండును రెండు చేతులా కావలించుకుని వెల్లకిలా తిరిగాడు. తేలాడు. అయ్యవారి తాడు వచ్చి ఛాతీ మీద పడింది. ఆయన లాగుతుంటే, భువన కొంచెం ఎడంగా పక్కనే ఈదుతూ, "ఊపిరి వదులు నాయనా... ఆఁ, అట్ల... మళ్లా," అంటూ మెట్ల దాకా తెచ్చింది.

మెట్టు మీద కూర్చున్నాక భువన తన తండ్రి తల తుడిచి, మంకీ టోపీ పెట్టింది. నాగశేషు పళ్లు చలికి టకటకలాడుతున్నాయి. చిట్టి దగ్గరికి వచ్చి పరీక్షగా చూసి అడిగింది. "మామా, నీ బెండు ఎప్పుడు కోసేసినారు?"

అందరం పగలబడి నవ్వాం. నాగశేషు కూడా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది కానీ వణకడం లేదు.

"నీకు భయం కాలేదా అమ్మా?"

"నీళ్లంటే కాలేదు," అంది భువన. "నువ్వు మాట ఇనవేమోనని అయింది."

పొద్దున మాన్పించాలని తెచ్చిన పిల్ల నాగశేషును ఇంటికి తీసుకుపోబోతోంది. అతను లేచి నిలబడి, తడి బట్టలతోనే అయ్యవారి ముందుకు వచ్చాడు. "రేపు ఎన్ని గంటలకు తోలుకొని రావాల అయ్యవారూ? నేను కూడా దిగుతా," అంటూ కాళ్లకు వంగబోయాడు.

అయ్యవారు ఒక మెట్టు వెనక్కి జరిగారు.

"నాకెందుకప్పా దండం? నీ బిడ్డ మానకుండా దిగిన నిరుటి చలికి పెట్టుకో."