ఉత్తరీయం కింద చెయ్యి

భైరవయ్య గారికి ఒక అలవాటుండేది. వానలు వెనకపట్టు పట్టి, గోదావరిలో ఎర్రనీరు దిగిపోయి, ఊరి పక్క పాయ తేటపడగానే ఆయన పుస్తకం కట్టేసేవారు. ఇక ఆశ్వయుజం పొడుగునా పాఠం లేదు. పొద్దున్నే శిష్యుల్ని వెంటేసుకుని ఏటిగట్టు మీదికి నడిచేవారు. లంకల్లో రెల్లు తెల్లగా విచ్చుకోవడం, పెరళ్లలో బంతులూ చేమంతులూ పోటీలు పడడం, పాఠశాల వాకిట్లో బాదం చెట్టు ఒక్కొక్క ఆకే ఎర్రబడడం, ఇవి చూపించడమే ఆ నెల పాఠం. "చూడండర్రా" అనేవారు. అంతకుమించి వ్యాఖ్యానం ఉండేది కాదు. వెంట పుస్తకం తెచ్చినవాణ్ణి వెనక్కి పంపేసేవారు. వేదాంతం చెప్పే పెద్దమనిషి పువ్వుల వెంట తిరగడమేమిటని ఊళ్లో నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవారు. ఆయన వాళ్లనీ చూసి ముచ్చటపడేవారు.

శిష్యుల్లో పెద్దవాడు విరూపాక్షం. బుద్ధిమంతుడు, అందులో సందేహం లేదు. కాని మరీ బుద్ధిమంతులకు పట్టే జబ్బు అతన్నీ పట్టుకుంది. తనకు అక్కర్లేనిది లోకంలో ఎవరికీ అక్కర్లేదనుకునేవాడు. తాంబూలం మానేశాడు, ఉప్పు మానేశాడు, రంగు అంచున్న పంచె కట్టడం మానేశాడు. మిగతా శిష్యులు అతనంటే భయపడేవారు. భయం కొద్దీ అతను ఏం చేస్తే అదే చేసేవారు.

ఆ ఏడు ఓ ఉదయం ఏటిగట్టు నుంచి తిరిగి వస్తూ గురువుగారు బాదం చెట్టు కింద ఆగిపోయారు. రాలిన ఆకు ఒకటి తీసి, ఎండకు అడ్డంగా పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డారు. విరూపాక్షం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఆ ఆకు మొన్న ఎర్రబడింది, ఇవాళ రాలింది, రేపు మట్టిలో కలుస్తుంది. పోయేది ఉన్నా లేనట్టేనని మీరే కదా చెప్పారు. పోయే రంగును చూసి మురిసిపోవడం మనవంటివాళ్లకు తగునా?"

భైరవయ్య గారు ఆకును ఇటూ అటూ తిప్పి చూసి అతని చేతిలో పెట్టారు. "రేపు విదియ. పేరమ్మ గోరింటాకు రుబ్బుతుంది. పాపం, ఒక్కతే. వెళ్లి సాయం చెయ్యి. ఎల్లుండి మాట్లాడుకుందాం" అని లోపలికి వెళ్లిపోయారు. విరూపాక్షం మొహం మాడిపోయింది. శాస్త్రం అడిగితే రోలు చూపించారని అతని బాధ.

పేరమ్మ గారు పాఠశాలలో వంట చేసే ఆవిడ. కాపురానికి వచ్చిన ఏడాదికే భర్త పోయాడు. మరిది ఇంట్లో గొడ్డుచాకిరీ చేస్తూ, మాటలు పడుతూ ఉంటే, భైరవయ్య గారు కబురుపెట్టి వంటిల్లు అప్పగించారు. ఆ వంటిల్లు పోతే ఆవిడకు మళ్లీ ఆ మరిది గుమ్మమే గతి. అట్లతద్ది ముందురోజున ఊళ్లో ఆడవాళ్లందరూ గోరింటాకు పెట్టుకుంటారు. పేరమ్మ రుబ్బితేనే పండుతుందని ఊరంతా నమ్మకం. మధ్యాహ్నానికల్లా గిన్నెలు పట్టుకుని పాఠశాల పెరటికి వచ్చేసేవారు. రుబ్బడానికి పనికొచ్చిన చెయ్యి పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. విధవరాలు కదా! ఈ నియమం ఎవరు పెట్టారో గాని, గిన్నెలు తెచ్చేవాళ్లకు బాగా కలిసివచ్చింది.

విరూపాక్షం వెళ్లేసరికి ఆవిడ రెండు చేతులకూ ఆముదం పట్టించి, పైన పాత గుడ్డలు చుట్టుకుంటోంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాడు.

"చేతులకేమైందండీ?"

"ఏమీ కాలేదు నాయనా. కాకూడదనే ఈ కట్లు. ఒట్టి చేత్తో రుబ్బితే అంటుకుంటుంది కదా. అంటుకుంటే పండుతుంది. పండితే మీరు అన్నం తినరు."

ఆవిడ మామూలుగానే అంది. కాని విరూపాక్షానికి చురుక్కుమంది. నిరుడు ఇదే పండగనాడు, గురువుగారు ఊళ్లో లేనప్పుడు, ఆవిడ వడ్డిస్తుంటే వేలి కొసన పెసరగింజంత ఎరుపు కనిపించింది. అతను మారుమాట లేకుండా విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అతను లేచాడని మిగతావాళ్లూ లేచారు. వండినదంతా ఆవులకు పెట్టారు. ఆ సాయంత్రం నూతి దగ్గర ఆవిడ నిమ్మచెక్కా బూడిదా పెట్టి తోముతుంటే తోలు లేచిపోయింది గాని ఎరుపు పోలేదు. అదంతా అతను ఎప్పుడో మరిచిపోయాడు. ఆవిడ మరిచిపోలేదు.

తప్పు తనదని ఒప్పుకోవడం కష్టం కాబట్టి, విరూపాక్షం వాదానికి దిగాడు. "పెట్టుకుంటే పండుతుంది గాని, ముట్టుకుంటే పండుతుందా?"

"నీ ఇష్టం. గిన్నెల్లోకి ఎత్తిపెట్టే పని నీదే. చెయ్యి పెట్టి చూడు."

చూస్తానన్నట్టుగా ఉత్తరీయం నడుముకు బిగించి కూర్చున్నాడు. ఆవిడ ఆకు వేసి, చింతపండు ఇంత వేసి, పొత్రం తిప్పసాగింది. నలిగిన ఆకు వాసన పెరడంతా నిండిపోయింది. విరూపాక్షం ఒట్టి చేత్తో ముద్ద తీసి గిన్నెల్లో పెడుతున్నాడు. పచ్చటి ముద్ద, పచ్చటి చెయ్యి, ఎరుపు ఎక్కడా లేదు. అతనికి లోపల కాస్త గెలిచినట్టే ఉంది. గిన్నెలవాళ్లు నవ్వుతూ వస్తున్నారు, నవ్వుతూ పోతున్నారు. కాసేపటికి జనం పలచబడ్డాక, మంచిమాట చెబుతున్నాననుకుంటూ అన్నాడు.

"పేరమ్మగారూ, మీది కాని పండక్కి మీకెందుకండీ ఈ చాకిరీ? మానేయకూడదూ?"

పొత్రం ఆగింది. "మానేస్తే ఈ వాసన నాకెక్కడ దొరుకుతుంది? నా పదమూడో ఏట మా అమ్మ పెట్టింది నా చేతులకు, కడసారి. ఏడాదికోసారి ఆ వాసన పీల్చుకుంటాను. అంతే నాయనా, ఇంకేం లేదు."

అక్కడితో ఊరుకుంటే పోయేది. కాని చదువుకున్నవాడాయె, ఊరుకోలేకపోయాడు. "వాసన కూడా భోగమేనండి. కంటికి రంగు ఎలాగో, ముక్కుకు వాసన అలాగే. తేడా ఏమీ లేదు."

పేరమ్మ గారు అతని మొహంలోకి తేరిపార చూసింది. ఇన్నేళ్లలో ఆవిడ ఎవరివంకా అలా చూడలేదు.

"తేడా లేదూ?"

"లేదండి."

"అయితే ఇన్నేళ్లూ నేను తప్పు చేస్తూనే ఉన్నానన్నమాట, ఆముదం రాసుకుని మరీ!" ఆవిడ గుడ్డల ముళ్లు పళ్లతో లాగి విప్పేసింది. తొట్టి దగ్గరికి వెళ్లి సెనగపిండి వేసి ఆముదం వదిలేలా చేతులు రుద్దుకుంది. తిరిగి వచ్చి రోట్లో ముద్దను రెండు చేతులతోనూ తీసి అరచేతుల నిండా పట్టించుకుంది. "వాసనా తప్పే, రంగూ తప్పే అయినప్పుడు సగం తప్పు ఎందుకు చెయ్యాలి? నిండుగానే చేస్తాను. ఈ ముక్క నిరుడే చెప్పి ఉంటే తోలన్నా మిగిలేది."

విరూపాక్షం తర్కమే అతని కళ్లముందు అరచేతులు చాపుకుని, పెరటి గోడ నీడలో ఆరబెట్టుకుంటూ కూర్చుంది. పైగా సన్నగా కూనిరాగం తీస్తోంది.

మర్నాడు తెల్లవారి అతను నిద్రలేచి చెయ్యి చూసుకున్నాడు. కడుక్కున్నప్పుడు లేత నారింజ రంగులో ఉంది కదా, తెల్లారేసరికి అదే పోతుందిలే అనుకుని పడుకున్నాడు. గోరింటాకు సంగతి తెలియనివాడు అలాగే అనుకుంటాడు. రాత్రికి రాత్రి అది కుడిచెయ్యి మొత్తం వేళ్ల కణుపుల దాకా చిక్కగా, మహా అందంగా పండింది. కొత్త పెళ్లికూతురికైనా అలా పండదు. నూతి వెనక్కి పోయి నిమ్మచెక్కా బూడిదా పెట్టి తోమాడు. తోముతూ ఉండగా నిరుటి సంగతి తలకెక్కింది. ఆ పెసరగింజంత ఎరుపు ఆవిడ పెట్టుకున్నది కాదు, అంటుకున్నది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఉత్తరీయం జారవిడిచి చెయ్యి దాని కింద దాచుకునే ఇవతలికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న పేరమ్మ గారు ఆ చేతినీ చూసింది, దాచడమూ చూసింది.

మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. పేరమ్మ గారు ఎర్రటి చేతులతో అన్నం గిన్నె పట్టుకుని వచ్చి వరసగా వడ్డించింది. శిష్యుల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. సరిగ్గా అదే వేళకు సుభద్రమ్మ గారు వచ్చారు. పాఠశాలకు బియ్యం ఆవిడ ఇంటినుంచే వచ్చేవి. ఏటా అట్లతద్దినాడు వచ్చి గురువుగారికి నమస్కరించి వెళ్లడం ఆవిడకు మామూలు. అరుగు మీద అడుగుపెట్టి, నమస్కారం సంగతి మరిచిపోయి, అక్కడే కొయ్యబారిపోయారు.

"పేరమ్మా! ఏమిటే ఆ చేతులు?"

"గోరింటాకమ్మా. మీ చేతులకున్నదే. రెండూ ఒక్క రోట్లోవే."

"మతిపోయిందా నీకు? ఆ చేతులతో వండింది వీళ్లెలా తింటారు? ఇందుకేనా మేం బియ్యం పంపుతున్నది? నిన్నీ వంటింట్లో ఉంచితే మా ఇంటినుంచి ఇక గింజ రాదు. అయ్యగారూ, వింటున్నారా?"

భైరవయ్య గారు అన్నంలో పప్పు కలుపుకుంటున్నారు. వింటున్నట్టే ఉన్నారు, తలెత్తలేదు.

పేరమ్మ గారు గిన్నె దించకుండానే అంది. "తినేవాళ్లు తింటారు, లేచేవాళ్లు లేస్తారు. పొమ్మంటే పోతాను. చేతులు మాత్రం దాచుకోనమ్మా. ఇన్నేళ్లూ దాచి దాచి విసుగెత్తింది."

పంక్తిలో అందరి కళ్లూ విరూపాక్షం మీదే ఉన్నాయి. నిరుడు ముందు లేచినవాడు అతనే కదా. అతను లేస్తే అందరూ లేస్తారు. ఆవిడ మూట కట్టుకుని సాయంత్రానికి మరిది గుమ్మంలో నిలబడుతుంది. లేస్తే అతని చెయ్యి సంగతి ఎవరికీ తెలియదు, ఉత్తరీయం ఉత్తరీయంలా ఉంటుంది, పరువు పరువులా ఉంటుంది. తినాలంటే మాత్రం ఆ చెయ్యి బయటికి తీయాలి. అతను పేరమ్మ గారి వంక చూశాడు. "ముందు అతని చెయ్యి చూడండి" అని ఒక్కమాట అంటే చాలు, ఆవిడ గెలిచేది. ఆవిడ అనలేదు. అతని వంక చూడనైనా చూడలేదు. గిన్నె పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డట్టు నిలబడింది.

విరూపాక్షం ఉత్తరీయం తీసి పక్కన పెట్టాడు. ఎర్రటి చెయ్యి తెల్లటి అన్నంలో పెట్టాడు. పంక్తిలో ఎవడో కిసుక్కున నవ్వాడు. సుభద్రమ్మ గారు నమస్కారం చెయ్యకుండానే అరుగు దిగిపోయారు. విరూపాక్షం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పేరమ్మగారూ, కాస్త ఉప్పు వేయండి" అన్నాడు. ఒక్కడు మాత్రం లేచి, విస్తరి చుట్టూ పరిషేచన చేసిన నీళ్లు అలాగే వదిలి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు తిన్నారు.

సుభద్రమ్మ గారు అన్నంత పనీ చేశారు. బియ్యం ఆగిపోయాయి. మర్నాటి నుంచి కార్తీకం దాటేదాకా పాఠశాలలో చోడి అంబలే. పేరమ్మ గారు వెలిసిపోతున్న ఎర్రచేతులతో అంబలి పోస్తే, అందరూ పోయించుకున్నారు. మరుసటేడు అట్లతద్దికి అందరికంటే ముందు గిన్నె పంపింది మాత్రం సుభద్రమ్మ గారింటివాళ్లే. బియ్యం పంపలేదు లెండి, గిన్నె పంపారు. పేరమ్మ గారు దాన్నీ నింపి పంపింది. ఈసారి నింపినవి ఒట్టి చేతులు.

అదంతా తరువాతి మాట. ఆ తద్ది సాయంత్రం ఆడపిల్లలు ఉయ్యాలలు దిగి చంద్రోదయం కోసం చూస్తుండగా, భైరవయ్య గారు బాదం చెట్టు కింద కూర్చుని విరూపాక్షాన్ని పిలిచారు. చెట్టు మీద నిన్నటికంటే ఎరుపు ఎక్కువగా ఉంది, కింద కూడా ఎక్కువగానే ఉంది.

"మొన్న నన్నేదో అడిగావు."

"అడిగానండి."

"ఏదీ, ఆ చెయ్యి ఇలా చూపించు."

విరూపాక్షం చాచాడు. ఆయన ఆ అరచేతిని, మొన్న ఆకును చూసినట్టే, ఇటూ అటూ తిప్పి చూశారు. "బాగా పండింది. ఎన్నాళ్లుంటుందిట?"

"పక్షం తిరిగేసరికి వెలిసిపోతుందన్నారు పేరమ్మగారు."

"వెలిసిపోయే రంగే కదా నాయనా," అన్నారు భైరవయ్య గారు, "మరి ఉత్తరీయం కింద దాచావెందుకు?"