తల అడ్డంగా ఊపిన జాగిలం

తలపాగా లేనివాణ్ణి సభ గడప తొక్కనివ్వని రాజ్యం ఒకటుండేది. దాన్ని ఏలే రణధవళుడు పొగడ్త అంటే చెవి కోసుకునేవాడు. సభామర్యాద మోజులో తన వేట జాగిలం మువ్వకు కూడా పట్టుపాగా చుట్టించాడు. రోజూ దానికి స్నానం చేయించి, తడి ఆరకముందే చెవులు మూసుకుపోయేలా పాగా బిగించేవారు.

మువ్వ పుట్టింది ఆస్థాన హాస్యగాడు అవుబళయ్య ఇంట్లో. అతని కంచంలో మెతుకులు తిని పెరిగింది. రాజుగారు ముచ్చటపడి అడిగితే ఇవ్వనని అనలేకపోయాడు. ఆ దిగులు అతన్ని ఇంకా వదల్లేదు.

వానలు పడేసరికి మువ్వ చెవులు గీరుకోవడం, తల విదిలించడం మొదలుపెట్టింది. దగ్గరికి వెళితే పులిసిన వాసన. ఒకనాడు సభలో రాజు, "మా అంతటి ప్రభువు మరి పుట్టడు" అన్నాడు. మువ్వ తల అడ్డంగా ఊపింది. ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకు ఒళ్ళు మండింది. ఇది రాజద్రోహమన్నాడు, మరణదండన అన్నాడు.

అది తల విదిలించడం జబ్బువల్లేనని అవుబళయ్యకు తెలుసు. అది జబ్బంటే పాగా చుట్టించిన రాజుగారిదే తప్పనాలి. ఆ మాట అన్న వైద్యుడు అప్పటికే చెరలో ఉన్నాడు. అవుబళయ్య ఏడుపు దిగమింగుకుని లేచి, పాగా ధరించినవారిని విచారణ లేకుండా దండించరాదని తాతలనాటి కట్టడి ఉందన్నాడు. తీర్పు వచ్చేదాకా ద్రోహి పాగా ఊడదీసి, పూచీ పడినవాడి ఇంట ఉంచాలి. తన తల పూచీ అన్నాడు. పాగా ఊడదీయడం ఎంత అవమానమో తలుచుకుని రాజు సంతోషంగా ఒప్పుకున్నాడు. పౌర్ణమికి విచారణ అన్నాడు.

ఇంట్లో పాగా విప్పి చూస్తే చెవుల లోపల చర్మం ఎర్రగా కమిలి, గోధుమరంగు జిగురు కారుతోంది. ముట్టుకుంటే మువ్వ మూలిగింది. అవుబళయ్య కూలబడి ఏడ్చాడు. నయమవుతుందన్న ఆశ అతనికి లేదు. అయినా కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలో మెత్తని గుడ్డ తడిపి, లోపలికి పొడవకుండా పైపైన తుడిచాడు. పొడిగుడ్డతో అద్ది, చెవులెత్తి గాలి తగలనిచ్చాడు. రోజూ అదే పని. మెల్లగా ఎరుపు తగ్గింది, వాసన పోయింది.

పౌర్ణమినాడు ద్రోహి గనక మువ్వను పాగా లేకుండానే సభలో నిలబెట్టారు. రాజు గొంతు సవరించుకుని మళ్ళీ ఆ మాటే అన్నాడు. మువ్వ తల కదల్చలేదు.

"బుద్ధి వచ్చిందన్నమాట" అన్నాడు రాజు.

అవుబళయ్యకు ఇక తన తల ఉన్నా పోయినా ఒకటే అనిపించింది. "బుద్ధి కాదు ప్రభూ, చెవిపుండు మానింది. తడిచెవులకు పాగా చుడితే పుండు పడింది, ఆ బాధకు తల విదిలించింది. తమ మాట కాదనే ప్రాణి ఈ సభలో ఒక్కటైనా ఉందని భ్రమపడ్డారు. అదీ లేదు."

సభ బిక్కచచ్చిపోయింది. రాజు అతన్ని ఎగాదిగా చూశాడు.

"లేకేం, ఇప్పుడొకడు దొరికాడుగా" అని పగలబడి నవ్వాడు. రాజు నవ్వాడు గనక సభంతా నవ్వింది.

బహుమానం కోరుకోమంటే అవుబళయ్య మువ్వను, చెరలోని వైద్యుణ్ణి అడిగాడు. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటికి వెళుతూ దారంతా ఏడ్చాడు.