గాదెలవలస కుంచమ్మ తల్లి

శుభకృతు నామ సంవత్సరం, అనగా 1962, వైశాఖ మాసపు ఎండల్లో వెలసిన కుంచమ్మ తల్లి నేటికీ గాదెలవలస సంతబయలులో దర్శనమిస్తున్నది. అమ్మకు ముఖం లేదు. నిలువెల్లా పసుపు పూసిన ఇత్తడి కుంచమే అమ్మ. భక్తులు ప్రదక్షిణలు చేస్తూ "ఒకటి" అనరు. "లాభం, రెండు, మూడు" అని లెక్కిస్తారు. ధాన్యం కొలిచేవారు మొదటి కుంచానికి అనే మాట అది.

పూర్వం ఇక్కడ వడ్లు కొలిచే నూకయ్య ఉండేవాడు. ఊరి ధాన్యమంతా తండ్రి ఇచ్చిన ఆ కుంచంతోనే కొలిచేవాడు. ఆయన కొలిచాక తిరిగి కొలిపించుకున్న ఇల్లు లేదు. ఆ ఏడు ప్రభుత్వం వారు కిలోలు, లీటర్లు తెచ్చి పాత కొలతలు చెల్లవన్నారు. కొలతల ఇన్‌స్పెక్టరు పుల్లంరాజు గారు ఊరూరా తిరిగి పాత కుంచాలకు అడుగున చిల్లులు పొడిపిస్తున్నారని కబురు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారి జీపు సంతలోకి వచ్చేసరికి నూకయ్య భార్య సింహాచలం కుంచాన్ని ఒక రాతి మీద నిలబెట్టి, పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు చుట్టేసింది.

ఇన్‌స్పెక్టరు గారు అదేమిటని అడిగారు.

"అమ్మోరు బాబూ" అన్నాడు నూకయ్య.

"ఎప్పుడు వెలిసింది?"

"ఇందాకే. తమరొస్తన్నారని తెలిసి వెలిసింది."

కలలో కనబడి చెప్పిందా అని అడిగితే, నిద్రపోయే తీరిక ఎక్కడిదని సింహాచలం ఎదురడిగింది. పుల్లంరాజు గారు నవ్వలేదు. చెప్పులు విడిచి, కొబ్బరికాయ తెప్పించి కొట్టి, నూకయ్య వైపు తిరిగారు.

"దేవతను జప్తు చేసే అధికారం నాకు లేదయ్యా. దేవతతో వడ్లు కొలిచే అధికారం ఇక నీకూ లేదు."

నూకయ్య తానూ చెప్పులు విడిచాడు.

ఆ తరువాత ఇన్‌స్పెక్టరు గారు ఏటా వైశాఖంలో దర్శనానికి వచ్చేవారు. అది తనిఖీ అని పొరుగూరివారు అంటారు. తనిఖీకి వచ్చేవారు కొబ్బరికాయ తేరు.

నేటికీ చుట్టుపక్కల వర్తకులు కొత్త కాటాను, కిలో రాళ్లను అమ్మ పాదాల వద్ద ఉంచి, పసుపు అంటించిన తరువాతే వాడుతారు. అలా చేసినవారి తూకానికి మాట రాదు, గాదె అడుగంటదు.

నూకయ్య మరి పద్దెనిమిదేళ్లు బతికాడు. రైసు మిల్లులో కాటా దగ్గర బస్తాలు మోశాడు. ఆ కుంచంలో మళ్లీ గింజ పోయలేదు.