తెరకి వీపు పెట్టిన గవరమ్మ

అనగనగా, సినిమా బొమ్మలకి ఇంకా మాటలు రాని కాలం. ఏ ఏడాదో నన్నడక్కండి, మా అవ్వకే తెలీదు.

సముద్రం ఒడ్డు ఊళ్లలో దాలినాయుడని ఒకాయన డేరా వేసి బొమ్మలాడించేవాడు. తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. నేల టిక్కెట్టు వాళ్లు ఇసుకలో కూర్చునేవారు. ఆట అయ్యాక ఆ ఇసుక చదును చేసేది గవరమ్మ. విసుగొస్తే జనం వేళ్లతో ఇసుక తవ్వుతారు. మనసు పడితే తెలీకుండానే ముందుకి జరుగుతారు. బొమ్మ ఎలా ఉందో గవరమ్మ ఇసుక చూసి చెప్పేసేది.

నాయుడు కెమెరా కొని రాజుల కత్తియుద్ధం తీశాడు.

"ఇసుకలో గుంటలు పడ్డాయి బాబూ" అంది గవరమ్మ.

"అంత తెలిస్తే నువ్వే తియ్యి. మూడాటలు చూస్తాను. అప్పటికీ గుంటలు పడితే డేరా అమ్మేస్తాను" అన్నాడు నాయుడు, ఒళ్లు మండి.

డేరా పోతే ఆమెకి కూడు లేదు. అయినా తీసింది. వలలో పడ్డ తాబేలుని వదలాలా వద్దా అని మొగుడూ పెళ్లాం కొట్లాడుకునే కథ.

మొదటి ఆటకి గుంటలు పడ్డాయి. విసిగారు సరే, ఎక్కడ విసిగారు? ఇసుక అది చెప్పదే!

రెండో ఆటకి తెరకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా కూర్చుంది. చెవి కథ చెప్పే మనిషి మీద, కళ్లు జనం చేతుల మీద. బొమ్మలో సూర్యుడు పొడిచే చోట అందరి వేళ్లూ ఇసుకలోకి దిగాయి. ఆ సూర్యుడి కోసం ఆమె తొమ్మిది తెల్లవారుజాములు కాపు కాసింది. ఏడుస్తూనే ఆ ముక్క కత్తిరించింది.

మూడో ఆటకీ అలాగే కూర్చుంది.

"ఓలమ్మీ, బొమ్మ అటుంటే ఇటు కూకున్నావేటి?" అంది ముందు వరసలో ముసలామె.

"నువ్వు బొమ్మని సూడు మామ్మా. నేను నిన్ను సూత్తాను."

ఆట మొదలైంది. ముసలామె ఒక జానెడు జరిగింది. ఇంకో జానెడు జరిగింది. తాబేలు నీళ్లలోకి దిగేవేళకి ఆమె మోకాళ్లు గవరమ్మ మోకాళ్లకి తగిలాయి. వెనక జనమంతా ఆమె వీపుకి ఆనుకుని ఉన్నారు. నాయుడు డేరా అమ్మలేదు.

గవరమ్మ తన బొమ్మని ఆ రోజూ చూసుకోలేదు.

ఇప్పటికీ ఆ తీరాన ఎవరు బొమ్మ తీసినా తొలి ఆటకి తెరకి వీపు పెట్టి నేల మీద కూర్చుంటారు. బయటికొచ్చాక బొమ్మ ఎలా ఉందని వాళ్లనెవరూ అడగరు. "జనం ఎంత దగ్గరికొచ్చారు?" అని అడుగుతారు.