కోటవాకిలి మీది పేరు

నల్లగుట్టపేట కోటవాకిలి మీద, దాన్ని కట్టించిన పాతరాజు పేరు జానెడేసి అక్షరాల్లో ఉండేది. పేటకు కొత్తగా వచ్చిన దొర జగ్గభూపతికి అది కంట్లో నలుసైంది. రాతిపని వీరోజును పిలిపించి, "ఆ పేరు చెరిపేసి నా పేరు పెట్టు. కాదన్నావో, నీ ఉలీ సుత్తీ ఏట్లోకే!" అన్నాడు.

ఆ అక్షరాలు వీరోజు ముత్తాత చెక్కినవి. వీరోజు ప్రాణం ఉసూరుమంది. అయినా, "చిత్తం దొరా, ముందు మచ్చు చూడండి" అని ఒక రాతిపలక మీద దొర పేరు చెక్కి తెచ్చాడు.

దొర వేలితో తడిమి చూశాడు. "ఇదేం చెక్కుడురా? గోటితో గీకినట్టుంది!"

"పాతరాజుగారి అక్షరాలు బొటనవేలు దిగేంత లోతు దొరా. చెరపడానికి నాకు నెల పడుతుంది."

"అయితే?"

"రేపు మీ తర్వాత వచ్చే దొరగారు నన్నో, నా కొడుకునో పిలిచి మీ పేరు చెరిపేయమంటారు కదండీ. అప్పుడు మాకింత శ్రమ ఉండకూడదని!"

దొర పలకనూ వాకిలినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఆ పేరు జోలికి పోకు. ఈ పలక కూడా నువ్వే పట్టుకుపో" అని గొణిగాడు.

వీరోజు భార్య ఆ పలకను పెరట్లో వేసుకుని బట్టలుతికింది. ఏడాది తిరక్కుండానే దొర పేరు నున్నగా అరిగిపోయింది.